హైస్కూలు రేఖాగణితంలో పిల్లలు నేర్చుకునేది

తొమ్మిది, పది తరగతుల గణిత పాఠ్యపుస్తకాలు తెరిచి విషయసూచిక చూస్తే, అధ్యాయాల్లో సగానికి అటూఇటూగా రేఖాగణితానికి చెందినవే కనిపిస్తాయి. రేఖలు, కోణాలు, త్రిభుజాలు, చతుర్భుజాలు, వైశాల్యాలు, వృత్తాలు, నిర్మాణాలు తొమ్మిదో తరగతిలో వస్తే, సరూప త్రిభుజాలు (ఒకే ఆకారంలో ఉండేవి), వృత్తాన్ని ఒక్కచోటే తాకే స్పర్శరేఖలు, త్రికోణమితి, వైశాల్యాలను, ఘనపరిమాణాలను లెక్కగట్టే క్షేత్రమితి పదో తరగతిలో వస్తాయి. ఇంత చోటు ఆక్రమించిన ఈ విషయం పిల్లలకు ఏమి నేర్పుతుందని ఎవరైనా అడిగితే, చాలామంది సూత్రాల జాబితా ఒకటి చెప్పి ఊరుకుంటారు. ఉన్నత పాఠశాలలో గణితం బోధించేవాడిగా నా అభిప్రాయం వేరు. ఒక విషయం నిజమని పెద్దలు చెప్పినందువల్లనో, కొలిస్తే అలాగే వచ్చినందువల్లనో ఒప్పుకోవడం వేరు. అది నిజం కాక తప్పదని తనంతట తాను చూపగలగడం వేరు. ఈ రెండో పనిని పిల్లలు మొదటిసారి చేసేది రేఖాగణితంలోనే. బడిలో మరే పాఠంలోనూ ఆ అవకాశం ఇంత నిండుగా దొరకదు.

త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని పిల్లలకు ఆరేడు తరగతుల నుంచే తెలుసు. కాగితంతో త్రిభుజం కత్తిరించి, మూడు మూలలూ చించి పక్కపక్కన పేరిస్తే సరళరేఖ వస్తుందని చేసి చూసినవాళ్లే అందరూ. తొమ్మిదో తరగతిలో అదే సిద్ధాంతాన్ని నల్లబల్ల మీద రాసి నిరూపిద్దామనగానే, "కొలిచి చూశాం కదా సార్, మళ్లీ నిరూపించడం ఎందుకు?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తాను. అప్పుడు ఒక్కొక్కరిని ఒక్కో త్రిభుజం గీసి కోణమానినితో కొలవమంటాను. ఒకరికి 179 వస్తుంది, మరొకరికి 181 వస్తుంది, ఇంకొకరు 180 అని చెబుతూనే మూడో కోణాన్ని ఒక డిగ్రీ సర్దినట్లు వాళ్ల ముఖంలోనే తెలిసిపోతుంది. పెన్సిలు గీతకు మందం ఉంటుంది, కోణమానిని మీది గీతకూ మందం ఉంటుంది. పైగా మనం ఎన్ని కొలిచినా కొలవనివి ఇంకా మిగిలే ఉంటాయి. ఎవరూ గీయని త్రిభుజం సంగతి ఏమిటి అన్న ప్రశ్నకు కోణమానిని దగ్గర జవాబు లేదు.

ఇక నిరూపణ చూస్తే నాలుగు వాక్యాలే. త్రిభుజం పై శీర్షం గుండా భూమికి, అంటే అడుగు భుజానికి, సమాంతరంగా ఒక రేఖ గీస్తాం. ఎడమవైపు ఏర్పడిన కోణం, భూమి దగ్గరి ఎడమ కోణం ఏకాంతర కోణాలు (సమాంతర రేఖల మధ్య, వాటిని ఖండించే రేఖకు చెరోవైపు ఏర్పడేవి) కాబట్టి సమానం. కుడివైపు కూడా అంతే. పై శీర్షం దగ్గర ఇప్పుడు మూడు కోణాలూ ఒకే సరళరేఖ మీద పక్కపక్కన ఉన్నాయి కాబట్టి వాటి మొత్తం 180 డిగ్రీలు. ఇందులో త్రిభుజం పెద్దదా, చిన్నదా, సన్ననిదా అన్న మాట ఎక్కడా రాలేదు. రాలేదు కనుకనే అది అన్ని త్రిభుజాలకూ చెల్లుతుంది. ఈ ఒక్క సంగతి తరగతిలో కొందరికైనా తట్టిన రోజున వాళ్ల ముఖాలు చూడటం ఈ వృత్తిలో నాకు దొరికిన గొప్ప సంతోషాల్లో ఒకటి.

అయితే ప్రశ్న అక్కడితో ఆగకూడదు. ఏకాంతర కోణాలు సమానమని ఎలా తెలుసు? సమాంతర రేఖల గురించి మనం ముందే ఒప్పుకున్న ఒక మాట నుంచి తెలుసు. ఆ మాట ఎక్కడిది? అలా వెనక్కి నడుచుకుంటూ పోతే, ఇక నిరూపించలేని, ఒప్పుకుని మొదలుపెట్టవలసిన కొన్ని మాటల దగ్గర ఆగుతాం. వాటినే స్వీకృతాలు అంటున్నాం. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో బోధించిన యూక్లిడ్ తన 13 భాగాల గ్రంథాన్ని 5 స్వీకృతాలతో మొదలుపెట్టాడు. మొదటి నాలుగూ పొట్టి వాక్యాలు. సమాంతర రేఖలకు సంబంధించిన ఐదోది మాత్రం చదవడానికే పొడవుగా, ఒక సిద్ధాంతంలా ఉంటుంది. దాన్ని మిగతా నాలుగింటి నుంచి రాబట్టాలని గణితవేత్తలు దాదాపు రెండు వేల ఏళ్లు ప్రయత్నించారు. చివరికి 1829లో రష్యాలో లొబచెవ్‌స్కీ, 1832లో హంగేరీకి చెందిన బోల్యాయ్ ఆ ఐదోదాన్ని వదిలేసి కూడా లోపం లేని మరో జ్యామితిని కట్టవచ్చని ప్రచురించారు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ జ్యామితి చెప్పనక్కరలేదు గాని, బడిలో ఉన్న గ్లోబును ఒకసారి చేతికిస్తే చాలు. గ్రీనిచ్ గుండా పోయే సున్నా రేఖాంశం, 90 డిగ్రీల తూర్పు రేఖాంశం, భూమధ్యరేఖ కలిసి గోళం మీద ఒక త్రిభుజాన్ని ఏర్పరుస్తాయి. ఉత్తర ధ్రువం దగ్గర 90, భూమధ్యరేఖ దగ్గర రెండు చోట్లా తొంభై తొంభై, మొత్తం 270 డిగ్రీలు. 180 అన్నది సమతలం గురించి మనం ఒప్పుకున్న మాటల ఫలితమని అప్పుడు అర్థమవుతుంది. ఏది ఒప్పుకుని మొదలుపెట్టామో గుర్తుంచుకోవడం కూడా ఈ పాఠంలో భాగమే.

తొమ్మిదో తరగతిలో తరువాతి పెద్ద అంశం సర్వసమాన త్రిభుజాలు, అంటే ఆకారంలోనూ కొలతల్లోనూ ఒకటే అయినవి. భుజం-కోణం-భుజం, కోణం-భుజం-కోణం, భుజం-భుజం-భుజం, లంబకోణం-కర్ణం-భుజం అన్న నియమాలను పిల్లలు సులువుగానే బట్టీ పడతారు. నేను మాత్రం జాబితాలో లేని నియమం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. రెండు భుజాలు, వాటి మధ్య లేని ఒక కోణం తెలిస్తే త్రిభుజం ఎందుకు నిర్ణయం కాదు? ఎ అనే బిందువు దగ్గర 30 డిగ్రీల కోణం గీయమంటాను. ఒక కిరణం మీద 8 సెంటీమీటర్ల దూరంలో బి గుర్తు పెట్టి, బి కేంద్రంగా 5 సెంటీమీటర్ల వ్యాసార్థంతో చాపం గీస్తే, అది రెండో కిరణాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది: ఎ నుంచి సుమారు 3.9 సెంటీమీటర్ల దగ్గర ఒకసారి, సుమారు 9.9 దగ్గర ఇంకోసారి. ఇచ్చిన కొలతలు ఒకటే, వచ్చిన త్రిభుజాలు రెండు. ఇప్పుడు వృత్తలేఖినిని 3 సెంటీమీటర్లకు తగ్గిస్తే చాపం కిరణాన్ని అందుకోనే అందుకోదు, త్రిభుజమే లేదు. సరిగ్గా 4 పెడితే ఒక్కచోట తాకి ఆగుతుంది, అక్కడ లంబకోణం ఏర్పడుతుంది. లంబకోణం-కర్ణం-భుజం నియమం మాత్రం ఎందుకు పనిచేస్తుందో, మామూలు కోణంతో అదే ఎందుకు పనిచేయదో ఆలోచించడానికి కావలసినదంతా ఆ కాగితం మీద ఉంటుంది. ఒక మాట తప్పని చూపడానికి ఒక్క ప్రత్యుదాహరణ చాలని, ఒప్పని చూపడానికి వెయ్యి ఉదాహరణలు కూడా చాలవని పిల్లలకు ఇక్కడ చేతితో తెలుస్తుంది.

పదో తరగతిలోకి వచ్చేసరికి నాకు అన్నింటికంటే ఇష్టమైన నిరూపణ ఎదురవుతుంది. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన రేఖ మిగిలిన రెండు భుజాలను ఒకే నిష్పత్తిలో విభజిస్తుందన్న ప్రాథమిక అనుపాత సిద్ధాంతం అది. థేల్స్ సిద్ధాంతమని కూడా అంటారు. పొడవుల నిష్పత్తి గురించి అడిగిన ప్రశ్నకు ఆ నిరూపణ వైశాల్యాల దారిలో జవాబు చెబుతుంది. ఎత్తు ఒకటే అయిన రెండు త్రిభుజాల వైశాల్యాలు వాటి భూముల నిష్పత్తిలోనే ఉంటాయి. కాబట్టి ఎడమ భుజం మీది రెండు ముక్కల నిష్పత్తిని రెండు వైశాల్యాల నిష్పత్తిగా రాయవచ్చు, కుడి భుజం మీదివీ అలాగే రాయవచ్చు. రెండింటిలోనూ ఒక త్రిభుజం ఉమ్మడిది. మిగిలిన రెండు త్రిభుజాలూ ఒకే భూమి మీద, ఒకే జత సమాంతర రేఖల మధ్య ఉన్నాయి కనుక వాటి వైశాల్యాలు సమానమని తొమ్మిదో తరగతిలోనే నిరూపించి ఉన్నాం. నిష్పత్తులు సమానమయ్యాయి, పని పూర్తయింది. ఏడాది కిందట ఎందుకు చదివామో తెలియని ఒక వైశాల్య సిద్ధాంతం ఇక్కడ అవసరానికి వచ్చి నిలబడటం పిల్లలు గమనించేలా చేయాలి. గమనించకపోతే అది ఎనిమిది మార్కుల జవాబుగానో, నాలుగు మార్కుల జవాబుగానో మాత్రమే మిగులుతుంది.

దాని వెంటే పైథాగరస్ సిద్ధాంతం, దాని విపర్యయం (సిద్ధాంతాన్ని తిరగేసి చెప్పిన మాట) వస్తాయి. దీర్ఘచతురస్రానికి ఐమూలగా లాగిన తాడు మీది చతురస్రం, నిలువు తాడు మీది, అడ్డ తాడు మీది చతురస్రాలు రెండూ కలిసి ఇచ్చినంత వైశాల్యాన్ని ఇస్తుందని క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందే బౌధాయన శుల్బసూత్రం చెప్పింది; యజ్ఞవేదికలు కొలతకు కట్టవలసిన అవసరం నుంచి అది పుట్టింది. పదో తరగతిలో మనం చెప్పే నిరూపణ సరూప త్రిభుజాల ద్వారా వస్తుంది. లంబకోణ శీర్షం నుంచి కర్ణానికి లంబం గీస్తే పెద్ద త్రిభుజం రెండు చిన్న త్రిభుజాలుగా విడిపోతుంది, మూడూ ఒకదానికొకటి సరూపాలే. మిగిలినదంతా రెండు నిష్పత్తులను రాసి కూడటమే.

నేను ఎక్కువ సమయం ఇచ్చేది విపర్యయానికి. ఇంటి పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీలు మూలమట్టం ఎలా చూస్తారో మన ఊళ్లలో పిల్లలు చాలామంది చూసే ఉంటారు. మూల దగ్గర మేకు కొట్టి, ఒక దారం మీద 3 అడుగులకు, రెండో దారం మీద 4 అడుగులకు గుర్తు పెడతారు. ఆ రెండు గుర్తుల మధ్య ఐమూలగా సరిగ్గా 5 అడుగులు వచ్చేదాకా దారాన్ని జరుపుతారు. పెద్ద స్థలమైతే 6, 8, 10 తీసుకుంటారు. ఇది పైథాగరస్ సిద్ధాంతమే కదా అని తరగతిలో అందరూ అంటారు. జాగ్రత్తగా చూస్తే అది కాదు. మూల లంబకోణమైతే వర్గాల మొత్తం సరిపోతుందని సిద్ధాంతం చెబుతుంది. మేస్త్రీ చేతిలో ఉన్నది వర్గాల మొత్తం. అతనికి కావలసింది మూల. అతను ఆధారపడుతున్నది విపర్యయం మీద. సిద్ధాంతం నిజమైనంత మాత్రాన విపర్యయం నిజం కానక్కరలేదు. సర్వసమాన త్రిభుజాల వైశాల్యాలు సమానమే. అయినా వైశాల్యాలు సమానమైన త్రిభుజాలు సర్వసమానాలు కానక్కరలేదు. భూమి 6, ఎత్తు 4 ఉన్న త్రిభుజం వైశాల్యం 12, భూమి 8, ఎత్తు 3 ఉన్నదాని వైశాల్యమూ 12. అందుచేత విపర్యయాన్ని విడిగా నిరూపించి తీరాలి. ఆ నిరూపణ కూడా ఎంతో పొందికైనది: మేస్త్రీ త్రిభుజం పక్కన, 3, 4 భుజాలుగా మరో లంబకోణ త్రిభుజం మనమే గీస్తాం, సిద్ధాంతం ప్రకారం దాని కర్ణం 5 కావాలి, ఇప్పుడు రెండు త్రిభుజాల మూడేసి భుజాలూ సమానం కనుక అవి సర్వసమానాలు, కాబట్టి మేస్త్రీ మూల కూడా లంబకోణమే. "అయితే" అన్న మాటకు ఏ వైపు ఏది ఉందో చూసుకోవడం అలవాటైన పిల్లవాడికి వార్తాపత్రికలోని వాదనను, వ్యాపార ప్రకటనలోని మాటను చదివేటప్పుడు కూడా ఆ అలవాటు ఉపయోగపడుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

వృత్తాల అధ్యాయంలో సిద్ధాంతాలు ఒకదానికొకటి ఎలా పనికొస్తాయో చూపడానికి బయటి బిందువు నుంచి స్పర్శరేఖలు గీసే నిర్మాణం కంటే మంచి ఉదాహరణ లేదు. కొలబద్దను వృత్తానికి ఆనించి కంటి అంచనాతో గీస్తే సరిపోదా అని పిల్లలు అడుగుతారు. కంటి అంచనాకు స్పర్శబిందువు ఎక్కడో ఖచ్చితంగా తెలియదు. బయటి బిందువును కేంద్రంతో కలిపి, ఆ రేఖాఖండం వ్యాసంగా మరో వృత్తం గీస్తే, రెండు వృత్తాలు ఖండించుకునే చోట్లే స్పర్శబిందువులు. ఎందుకు? అర్ధవృత్తంలోని కోణం లంబకోణమని తొమ్మిదో తరగతిలో తెలుసుకున్నాం, వ్యాసార్థం చివర దానికి లంబంగా ఉన్న రేఖ స్పర్శరేఖ అవుతుందని పదో తరగతిలో తెలుసుకున్నాం. ఈ రెండు వాక్యాలూ కలిసినప్పుడు నిర్మాణం దానంతట అదే వస్తుంది. నిర్మాణ సోపానాలను మాత్రమే రాయించి, కారణం అడగకుండా మార్కులు వేసే పద్ధతి నాకు నచ్చదు.

నిర్మాణాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక మాట. కోణాన్ని రెండు సమభాగాలు చేయడం అందరికీ వచ్చు. మూడు సమభాగాలు చేయడం ఎలా అని చురుకైన పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. గుర్తులు లేని కొలబద్ద, వృత్తలేఖిని మాత్రమే వాడి ఏ కోణాన్నైనా మూడు సమభాగాలు చేసే పద్ధతి లేదని 1837లో ఫ్రాన్సుకు చెందిన వాంట్జెల్ నిరూపించాడు. 60 డిగ్రీల కోణానికే అది సాధ్యం కాదు, అంటే ఆ పరికరాలతో 20 డిగ్రీల కోణం గీయలేము. ఇంతవరకు ఎవరూ చేయలేకపోయారన్నది వేరు, ఎప్పటికీ ఎవరూ చేయలేరని నిరూపించడం వేరు. ఆ నిరూపణ వాళ్ల స్థాయికి మించినదే అయినా, అలాంటి నిరూపణ ఒకటి ఉంటుందని పద్నాలుగేళ్ల వయసులో వినడం మంచిది.

త్రికోణమితి కొత్త విషయంగా కనబడుతుంది గాని, అది సరూప త్రిభుజాల కొనసాగింపే. ఒక లఘుకోణం సమానమైన లంబకోణ త్రిభుజాలన్నీ సరూపాలు కాబట్టి, వాటిలో భుజాల నిష్పత్తులు త్రిభుజం పరిమాణం మీద ఆధారపడవు; ఆ నిష్పత్తులకు సైన్, కొసైన్, టాంజెంట్ అని పేర్లు పెట్టాం, అంతే. 30, 60 డిగ్రీల విలువల పట్టికను కంఠస్థం చేయించే ముందు, భుజం 2 ఉన్న సమబాహు త్రిభుజాన్ని నిలువుగా సగం చేయిస్తే 1, రూట్ 3, 2 భుజాలుగా ఆ పట్టిక అంతా పిల్లల కళ్ల ముందే పుడుతుంది. దీని అనువర్తనానికి మన దేశం నుంచే గొప్ప ఉదాహరణ ఉంది. 1802లో బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు 12 కిలోమీటర్ల ఆధార రేఖను గొలుసుతో ఎంతో జాగ్రత్తగా కొలిపించి మహా త్రికోణమితి సర్వేను ప్రారంభించాడు. ఆ తరువాత నేల మీద గొలుసు లాగవలసిన అవసరం చాలావరకు తప్పింది. కొండల మీద, గోపురాల మీద నిలబడి కోణాలు మాత్రం కొలుస్తూ, త్రిభుజం పక్కన త్రిభుజం కట్టుకుంటూ దేశం పొడవునా వెళ్లారు. ఒక భుజం, దాని చివర రెండు కోణాలు తెలిస్తే త్రిభుజం నిర్ణయమవుతుందన్న తొమ్మిదో తరగతి నియమం ఆ సర్వే అంతటికీ ఆధారం. పిల్లలకు ఆ నియమం చెప్పే రోజునే ఈ కథ కూడా చెప్పాలి.

నిరూపక జ్యామితిని, క్షేత్రమితిని నేను ఇంత పొడుగునా తలచుకోను. 1637లో దెకార్త్ ప్రచురించిన ఆలోచన వల్ల బిందువులు సంఖ్యల జతలయ్యాయి, రేఖలు సమీకరణాలయ్యాయి. రెండు బిందువుల మధ్య దూర సూత్రం పైథాగరస్ సిద్ధాంతమేనని పిల్లలు గుర్తుపడితే అక్కడ సగం పని అయినట్లే. క్షేత్రమితిలో ఘనపరిమాణ సూత్రాలు చాలావరకు ఇచ్చినవి ఇచ్చినట్లు వాడుకోవడమే. శంకువు ఘనపరిమాణం స్తూపంలో మూడో వంతని ఇసుక పోసి చూపగలం గాని, ఎందుకో చెప్పడానికి కలనగణితం దాకా ఆగాలి. ఆగాలన్న మాట పిల్లలతో చెప్పేయడం మేలు.

నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. మా చిన్నతనంలో సిద్ధాంతాన్ని దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని నాలుగు భాగాలుగా రాయించేవారు. ఇప్పటికీ మంచి ఉపాధ్యాయులు అలాగే రాయిస్తారు. ఆ క్రమం ఎంతో విలువైనది. ఏది ఇచ్చారు, ఏది చూపాలి, మనం ఏది కొత్తగా చేర్చాం, ఏ మాట ఏ కారణం వల్ల వచ్చింది అని విడదీసి చూడటం అందులో ఉంది. కాని గైడులోని పటాన్ని, అక్షరాలతో సహా కంఠస్థం చేసినవాళ్లకు ఎబిసి త్రిభుజం స్థానంలో పిక్యూఆర్ త్రిభుజం ఇస్తే కలం ఆగిపోతుంది. పటాన్ని తలకిందులుగా గీసి ఇస్తే అసలు గుర్తుపట్టరు. అందుకే నేను ప్రతి సిద్ధాంతం తరువాత అక్షరాలు మార్చి, పటం తిప్పి మళ్లీ రాయిస్తాను. దత్తాంశాన్ని ఏ వరుసలో వాడుకున్నావో కింద గీత గీయమంటాను. దత్తాంశం ఎక్కడా వాడకుండా నిరూపణ పూర్తయిందంటే అందులో ఏదో తప్పు ఉన్నట్లే. ఈ చిన్న పరీక్ష పిల్లలే తమ జవాబు మీద పెట్టుకోగలరు, గురువు పక్కన ఉండనక్కరలేదు.

ఇంటర్మీడియట్‌కు వెళ్లాక రేఖాగణితం దాదాపు పూర్తిగా నిరూపక జ్యామితి అవుతుంది. సరళరేఖలు, వృత్తాలు, పరావలయాలు అన్నీ సమీకరణాలుగానే ఎదురవుతాయి. పటం గీసి, కారణం చెప్పి నిరూపించే శుద్ధ జ్యామితి ఆ తరువాత గణిత ఒలింపియాడ్‌కు సిద్ధమయ్యే కొద్దిమందికి తప్ప మళ్లీ తారసపడదు. అంటే మన పిల్లల్లో ఎక్కువమందికి ఆ అనుభవం దొరికేది తొమ్మిది, పది తరగతుల్లోనే. ఇంట్లో ఆ వయసు పిల్లలు ఉన్నవాళ్లు ఈ సెలవుల్లో ఈ ప్రశ్న ఇచ్చి చూడండి. నచ్చిన ఆకారంలో, ఎంత వంకరగా ఉన్నా సరే, ఒక చతుర్భుజం గీయమనండి. నాలుగు భుజాల మధ్యబిందువులు గుర్తించి వరుసగా కలపమనండి. లోపల ఏర్పడినది ప్రతిసారీ సమాంతర చతుర్భుజమే అవుతుంది. ఎందుకో చెప్పమనండి. కొంతసేపటికీ దారి దొరక్కపోతే, బయటి చతుర్భుజానికి ఒక కర్ణం (ఎదురెదురు మూలలను కలిపే రేఖ) గీయమని మాత్రం చెప్పి, త్రిభుజంలో రెండు భుజాల మధ్యబిందువులను కలిపే రేఖ మూడో భుజానికి సమాంతరంగా, అందులో సగంగా ఉంటుందన్న తొమ్మిదో తరగతి మధ్యబిందు సిద్ధాంతాన్ని గుర్తుచేయండి. అది తేలాక, లోపలిది నాలుగు భుజాలూ సమానమైన రాంబస్ కావాలంటే బయటి చతుర్భుజం కర్ణాలు ఎలా ఉండాలో, దీర్ఘచతురస్రం కావాలంటే ఎలా ఉండాలో వాళ్లనే కనుక్కోనివ్వండి.